చూడని బడి

లిఫ్టాయనకు చెవులే పనిముట్లు. పంతొమ్మిదేళ్లుగా ఒకే కంపెనీలో లిఫ్టులు బాగుచేస్తున్నాడు. తక్కిన మెకానిక్కులు వస్తూనే సంచి విప్పి స్పానర్లు పరుచుకుంటే, ఇతను ముందు లిఫ్టెక్కి, కళ్లు మూసుకుని, కింది నుంచి పైదాకా, పై నుంచి కిందిదాకా రెండు చుట్లు తిరిగేవాడు. దిగి, "మూడో అంతస్తు తలుపు చక్రం అరిగింది, అదే మూలుగుతోంది" అనేవాడు. విప్పి చూస్తే అరిగే ఉండేది. అతని అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా పనికొచ్చేది కాదు. పనిచేసే చోటా, ఉండే వీధిలోనూ అందరికీ అతను లిఫ్టాయనే.

ఇంట్లో నలుగురు. భార్య పళ్ల డాక్టరు దగ్గర సహాయకురాలు. పదకొండేళ్ల కూతురు, ఆరేళ్ల కొడుకు. కూతురు ఏ సంగతైనా అడ్డంగా, నిలువుగా ప్రశ్నలు వేసి గానీ వదలదు కాబట్టి తండ్రి దానికి లాయరమ్మ అని పేరు పెట్టాడు. కొడుకు ఇంకా చిన్నోడే.

లాయరమ్మకు కుడి చెవి వినపడదు. నాలుగేళ్లప్పుడు గవదబిళ్లలు వచ్చాయి. వారంలో వాపు తీసింది, పిల్ల మళ్లీ ఆటల్లో పడింది. వాపుతోపాటు చెవి కూడా పోయిందని ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఆర్నెల్లపాటు, పిలిస్తే పలకడం లేదని, మొండికేస్తోందని అనుకున్నారు. ఒక సాయంత్రం అది నేలమీద ఎడమ చెవి మోచేతికి ఆనించి బోర్లా పడుకుని బొమ్మలు వేసుకుంటుంటే తండ్రి మూడుసార్లు పిలిచాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నాలుగోసారి లేచి వెళ్లి చెంపమీద ఒక్కటిచ్చాడు. ఆ పిల్ల అదిరిపడి, కళ్లనిండా నీళ్లతో, "పిలిచావా నాన్నా?" అంది. ఆ తర్వాతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. యంత్రం మూలిగితే పసిగట్టే మనిషి, కన్నబిడ్డ చెవి పోతే పసిగట్టలేకపోయాడు.

లాయరమ్మ మాత్రం పెరుగుతూ పెరుగుతూ దాన్ని తన ఒంట్లో ఇముడ్చుకుంది. ఎవరితో నడిచినా వాళ్లకు కుడి పక్కకు చేరేది. తల్లి ఎప్పుడైనా, "చెప్పిన మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు" అని కసురుకుంటే, "వదలడానికి నాకు రెండో చెవి ఉంటేగా, విన్నదంతా లోపలే ఉంది" అనేది. ఇంట్లో అందరూ నవ్వేవారు. అది అంత సుళువుగా నవ్వించేది కాబట్టే, ఆ లోటు ఉన్న సంగతే వాళ్లు నెలల తరబడి మరిచిపోయేవారు.

ఆ ఏడు కంపెనీవాళ్లు అతన్ని సూపర్‌వైజరును చేస్తామన్నారు. అయితే ఇక్కడ కాదు, బస్సులో ఆరుగంటల దూరాన ఉన్న పెద్ద ఊళ్లో. మొగుడూ పెళ్లాలు వారం రోజులు తర్జనభర్జన పడి, చివరికి వెళ్దామనుకున్నారు. మరుసటి రోజే ఆమె వంటింటి గోడకు ఒక పెద్ద కాగితం అంటించింది. ఇల్లు, బడి, సామాను అని మూడు గళ్లు. ఏది ఎప్పుడు, ఎవరు చెయ్యాలి అన్నీ అందులో ఉన్నాయి. అద్దెకు చూడాల్సిన వీధికి దగ్గర్లో ఉన్న బడిని కనుక్కుని, ఉత్తరాలు రాసి, ఇద్దరు పిల్లలకూ సీట్లు ఖాయం చేయించింది. ఆమెకు సెలవు దొరకలేదు. ఇల్లు వెతకడానికి, బడి చూసి రావడానికి అతనొక్కడే రెండు రోజులకు బయల్దేరాడు.

బయల్దేరే ముందు లాయరమ్మ ఒక కాగితం మడిచి అతని జేబులో పెట్టింది. పదకొండు ప్రశ్నలు. ఒక్కోదాని కింద జవాబుకు ఒక గీత.

"అన్నీ చూసి రాయాలి నాన్నా. మర్చిపోకు."

"మర్చిపోతే నన్ను బోనెక్కించవూ?" అన్నాడతను.

మొదటి రోజు కొత్త ఆఫీసులో పోయింది. రెండో రోజు కాళ్లు పడిపోయేలా తిరిగి, మధ్యాహ్నానికి రెండో అంతస్తులో ఒక ఇల్లు కుదుర్చుకున్నాడు. బస్సుకు ఇంకా రెండుగంటలుంది. బడి అక్కడికి నాలుగు సందులు. జేబులో కాగితం తడిమి చూసుకున్నాడు కూడా. అదిగో అప్పుడే కొత్త ఆఫీసు ఇంజనీరు ఫోన్ చేశాడు. దగ్గర్లోనే ఒక లిఫ్టు మూడు రోజులుగా మొరాయిస్తోందట, ఎవరికీ అంతుపట్టడం లేదట, పోయేలోపు ఒక్కసారి చూస్తారా అని. చూడనంటే పోయేది. అతని పని ఇంకా మొదలే కాలేదు, ఎవరూ ఏమీ అనుకోరు. కానీ కొత్తచోట నలుగురి ముందు తన చెవి సత్తా చూపించాలన్న ముచ్చట అతన్ని లాక్కుపోయింది. గంటంపావులో తప్పు పట్టేశాడు. ఇంజనీరు భుజం తట్టాడు, టీ ఇప్పించాడు. బస్సు కదిలాక గానీ కాగితం సంగతి గుర్తుకు రాలేదు. కిటికీలోంచి ఒక పొడవాటి పసుపు గోడ కనపడితే, ఇదే బడి అయ్యుంటుందిలే అనుకున్నాడు.

మర్నాడు పొద్దున పళ్లు తోముకుని వచ్చేసరికి లాయరమ్మ పెన్సిలు, ప్రశ్నలు ఎక్కించిన నోటుపుస్తకం పట్టుకుని కూర్చుని ఉంది.

"కాగితం ఏది?" అని అందుకుని మడత విప్పింది. "ఏమీ రాయలేదే?"

"చేతులు ఖాళీ లేవమ్మా. అడుగు, చెబుతాను."

"గేటు ఏ రంగు?"

"పసుపు" అన్నాడు.

చూడలేదమ్మా అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం దాటిపోయింది. లైబ్రరీ ఉందా అంటే ఉందన్నాడు. బెంచీకి ఇద్దరా ముగ్గురా అంటే ముగ్గురన్నాడు. ఆరో తరగతి గదిలో కిటికీలు ఎటు అంటే, చేతికొచ్చిన వైపు చూపిస్తూ, "కుడి పక్క" అన్నాడు. వాటిలోంచి రోడ్డు కనపడుతుందా అంటే కనపడుతుందన్నాడు. టీచర్లు నిలబడి చెబుతారా, తిరుగుతూ చెబుతారా అంటే నిలబడే చెబుతారన్నాడు. పక్కనుంచి చిన్నోడు, "ఊయల ఉందా?" అన్నాడు. "ఒకటేంట్రా, రెండున్నాయి" అన్నాడు. పిల్లల మొహాలు వెలిగిపోతుంటే అతనికి అది అబద్ధమనే అనిపించలేదు. రేపు చూసేదాన్ని ఇవాళ కాస్త ముందుగా చెబుతున్నట్టు అనిపించింది. బళ్లన్నీ ఒకలాగే ఉంటాయి కదా అని సర్దిచెప్పుకున్నాడు.

రెండు వారాలు పోయాయి. సెలవులిచ్చారు. ఇంట్లో సగం సామాను అట్టపెట్టెల్లోకి చేరింది. ఒకరోజు అతను తొందరగా ఇంటికి వచ్చేసరికి ముందు గదిలో పెట్టెలన్నీ వరసలుగా పేర్చి ఉన్నాయి. చిన్నోడు బీరువా ముందు నిలబడి, చేతిలో గరిటెతో, గట్టిగా ఎక్కాలు చదువుతున్నాడు. లాయరమ్మ కుడివైపు గోడవార, మూడో పెట్టె మీద కూర్చుంది. తండ్రి తలుపు దగ్గర ఆగిన సంగతి ఇద్దరూ చూడలేదు.

"ఎందుకక్కా రోజూ అక్కడే కూర్చుంటావు?"

"కిటికీలు కుడి పక్క, రోడ్డు కుడి పక్క అని నాన్న చెప్పాడుగా. బస్సుల గోలంతా ఈ చెవి వైపు వస్తుంది. ఈ చెవికి ఎంత గోలైనా ఫరవాలేదు. టీచర్ మాటేమో ఈ మంచి చెవికి వస్తుంది. అప్పుడు ఎవరికీ ఏమీ తెలీదు. ఇక్కడ అందరూ సగం చెవిది, సగం చెవిది అంటారు చూడు, అక్కడ ఎవరూ అనరు. నువ్వు చెప్పకూడదు, సరేనా? ఒట్టు?"

"ఒట్టు" అన్నాడు చిన్నోడు, గరిటె మీద చెయ్యి వేసి.

లిఫ్టాయన అడుగు లోపల పెట్టలేదు. పదకొండు ప్రశ్నల్లో సగానికి పైగా దేనికోసమో అతనికి అప్పుడు అర్థమైంది. కిటికీలు, రోడ్డు, బెంచీలు, టీచర్ల నడక. పిల్ల బడి గురించి అడగలేదు, తన చెవిని ఎక్కడ దాచుకోవాలో అడిగింది. కొత్త ఊరంటే తల్లికి పెద్ద వంటిల్లు, చిన్నోడికి ఊయల, తనకు సూపర్‌వైజరు కుర్చీ. ఈ పిల్లకు మాత్రం తన సంగతి ఎవరికీ తెలియని ఒక బెంచీ. ఆ బెంచీ లెక్కంతా అతని చేతికొచ్చిన వైపు మీద ఆధారపడి ఉంది.

చెప్పేద్దామని మూడుసార్లు నోరు తెరిచాడు. ఒకసారి పుస్తకాలు కట్టలు కడుతూ, "అమ్మా, ఆ బడి ఉందే..." అని మొదలుపెట్టాడు. లాయరమ్మ మొహం ఇటు తిప్పి, "ఊఁ?" అంది. "ఏం లేదు, తాడు అందుకో" అన్నాడు. పనిలో కూడా ఆ వారం రెండు లిఫ్టుల్లో తప్పు కనుక్కోలేక, సంచి విప్పి స్పానర్లు పరుచుకున్నాడు.

చివరికి ఇంటి తాళాలు తెచ్చుకోవాలని భార్యతో చెప్పి, మళ్లీ ఆ ఊరు బస్సెక్కాడు. జేబులో కూతురి నోటుపుస్తకంలోంచి దొంగచాటుగా చూసి రాసుకున్న పదకొండు ప్రశ్నలున్నాయి.

పసుపు గోడ ఏదో గోదాముది. అసలు బడి బూడిద రంగుది, గేటు ఆకుపచ్చ. సెలవులు కాబట్టి ఆఫీసు గది తప్ప అన్నీ మూసి ఉన్నాయి. తాళాల గుత్తి పట్టుకుని ఆయా అడ్డం వచ్చింది.

"సీటు వచ్చిందిగా, ఇంకా ఏం చూస్తారండీ?"

"మా అమ్మాయి కొన్ని ప్రశ్నలిచ్చిందమ్మా" అని కాగితం చూపించాడు.

ఆయా అంతా చదివి, "ఇన్‌స్పెక్టరు కూడా ఇన్ని అడగడు" అని నవ్వి, ఆరో తరగతి గది తలుపు తీసింది.

కిటికీలు ఎడమ పక్కన ఉన్నాయి. వాటి కిందే రోడ్డు, రోడ్డు మీద బస్‌స్టాపు. లిఫ్టాయన చాలాసేపు గుమ్మంలోనే నిలబడిపోయాడు. తర్వాత కుడి గోడవార మూడో బెంచీలో మోకాళ్లు ఇరికించుకుని కూర్చుని, సంచిలోంచి దూది తీసి కుడి చెవిలో కుక్కుకున్నాడు.

"కాస్త బోర్డు దగ్గర నిలబడి ఏదైనా చదవండమ్మా. మామూలుగా, టీచర్లు చదివినట్టు."

ఆయా అతన్ని ఎగాదిగా చూసింది. అయినా గోడకు వేలాడుతున్న నియమాల అట్ట అందుకుని చదవసాగింది. "గోళ్లు కత్తిరించుకుని రావలెను. తరగతిలో పరుగెత్తరాదు..." ఇంతలో బస్సు వచ్చి ఆగింది, హారన్ కొట్టింది, కదిలింది. అతనికి పెదవులు ఆడడం కనపడింది గానీ ఒక్క మాట అందలేదు. బెంచీ మారాడు. మళ్లీ చదవమన్నాడు. మళ్లీ మారాడు. ఆ గదిలో ఉన్న ప్రతి బెంచీలోనూ కూర్చున్నాడు. ముందు వరసలో, కుడి చివర కాస్త నయం. అక్కడ కూడా బస్సు ఆగినప్పుడల్లా రెండేసి వాక్యాలు పోతున్నాయి. తను ఇంటికి వెళ్లి దూది తీసేసుకుంటాడు. ఆ పిల్ల తియ్యలేదు. బెంచీ మీద తల వాల్చేశాడు. ఆయా చదవడం ఆపి, "నీళ్లు తెమ్మంటారా?" అంది.

వెనకవైపు రెండో సెక్షను గది ఉంది. అక్కడ చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. అతను నేరుగా పెద్ద టీచరమ్మ గదికి వెళ్లి, తమ అమ్మాయిని అందులో వెయ్యమని అడిగాడు.

"ఎందుకు?"

"రోడ్డు దుమ్ము పడదండీ దానికి."

"అందరు తల్లిదండ్రులూ దుమ్మే చెబుతారు. రెండో సెక్షను నిండిపోయింది. ఒకరిని మారిస్తే రేపు పదిమంది నా గుమ్మంలో ఉంటారు."

ఆ మాటతో అతని నోరు అదుపు తప్పింది. "దానికి కుడి చెవి వినపడదండీ" అనేశాడు. అన్న మరుక్షణమే నాలిక కరుచుకున్నాడు. పెద్ద టీచరమ్మ మొహం మెత్తబడింది. అయ్యో, ముందే చెప్పకూడదా అంటూ రిజిస్టరు తెరిచి, పిల్ల పేరు పక్కన ఎర్ర సిరాతో రాసింది. సెక్షను మార్చలేనని, మొదటి బెంచీలో కూర్చోబెట్టమని టీచర్లందరికీ చెబుతానని అంది.

"అందరికీ వద్దండీ. దానికి ఇష్టం లేదు."

"చెప్పకుండా ఎలా కూర్చోబెడతారండీ?" అందావిడ, మంచిగానే.

తిరుగు బస్సులో ఆరుగంటలూ అతను ఒకటే లెక్క వేసుకున్నాడు. మొదటిది గొప్పలకు పోవడం, తర్వాతిది మతిమరుపు, ఆ తర్వాతిది అబద్ధం, ఇప్పుడిది నమ్మకద్రోహం. ఒకదాన్ని దిద్దబోతే దానికంటే పెద్దది చేతిలో తేలుతోంది.

ముందు భార్యకు చెప్పాడు. ఆమె చేతిలో పళ్లెం పాత పేపరులో చుడుతూనే వింది.

"నాకు అప్పుడే అనుమానం వచ్చింది" అంది, పళ్లెం పెట్టెలో పెడుతూ. "ఆ రోజు లిఫ్టు బాగుచేసిన ముచ్చట గంటసేపు చెప్పారు. మరి బడి ఎప్పుడు చూశారో నాకు అర్థం కాలేదు. అడుగుదామనుకున్నాను. పిల్లలు అంత సంబరంగా ఉంటే అడగబుద్ధి కాలేదు. నా తప్పూ ఉంది. కానీ చెప్పాల్సింది మాత్రం మీరే."

లాయరమ్మ తన పెట్టె మీద కూర్చుని ఉంది. అతను నేలమీద, దానికి ఎడమ పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, ఆ రోజు నేను బడికి వెళ్లలేదు. చూడకుండానే చెప్పాను."

ఆ పిల్ల అతని వైపు తిరిగింది. "పదకొండూనా?"

"పదకొండూ."

"ఊయల కూడానా?" అని గుమ్మంలోంచి చిన్నోడు అడిగాడు. ఊయల లేదని తండ్రి తల అడ్డంగా ఊపగానే బావురుమన్నాడు. తల్లి వచ్చి ఎత్తుకుపోయింది.

"రోడ్డు ఎటు?" అంది లాయరమ్మ.

"ఎడమ పక్క. బస్‌స్టాపు ఉంది." ఆగకుండా మిగతాది కూడా చెప్పేశాడు. సెక్షను మార్పించబోయి పెద్ద టీచరమ్మకు చెవి సంగతి చెప్పేశానని, ఆవిడ రిజిస్టరులో రాసిందని.

ఇంతసేపూ ఏడవని పిల్ల పెదవులు అప్పుడు వణికాయి. "అది నాది కదా నాన్నా. నువ్వెందుకు చెప్పావు?"

అది అక్కడితో ఆగలేదు.

"చూడలేదు అని ఉంటే నేను నిన్ను ఏమైనా అనేదాన్నా? మళ్లీ వెళ్లినప్పుడు చూడు అనేదాన్ని. అంతే కదా."

తిడితే బాగుండుననుకున్నాడు. అది తిట్టలేదు. మొహం తుడుచుకుని, నోటుపుస్తకంలో పాత పేజీ చింపేసి, కొత్త పేజీలో ఒకటి నుంచి పదకొండు దాకా అంకెలు వేసింది. మళ్లీ మొదటినుంచి అడిగింది. అతను చూసింది చూసినట్టు చెప్పాడు. చూడనివి రెండు మిగిలితే చూడలేదన్నాడు. ఒక్కో జవాబుకీ అది తలెత్తి అతని మొహం చూసి, తర్వాతే రాసుకుంది. ఆ చూపు అతనికి చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది.

అనుకున్న రోజుకే ఇల్లు మారారు. బడి తెరిచిన మొదటి రోజు క్లాసు టీచరు, ఎంతో ప్రేమగా, పిల్లలందరి ముందూ లాయరమ్మను నిలబెట్టి, ఈ అమ్మాయికి ఒక చెవి వినపడదు, అందరూ గట్టిగా మాట్లాడండి అని చెప్పింది. సాయంత్రం అది ఇంటికి వచ్చి, "అందరూ నాతో అరుస్తూ మాట్లాడుతున్నారు" అని తల్లితో అని, సంచి పక్కన పడేసి పడుకుంది. లిఫ్టాయన వరండాలోనే చాలాసేపు ఉండిపోయాడు. అరవడాలు ఒక నెలకు తగ్గాయి. మొదటి పరీక్షల్లో ఎప్పుడూ రానంత తక్కువ మార్కులు వచ్చాయి. బస్సులు మింగేసిన వాక్యాలు అందులో ఎన్నో ఎవరికి తెలుసు?

చలికాలం మొదట్లో రెండో సెక్షనులో ఒక పిల్లవాడు వేరే ఊరు వెళ్లిపోయాడు. ఆ కబురు తెలిసిన పూటే లాయరమ్మ ఒక్కతే పెద్ద టీచరమ్మ గదికి వెళ్లి, ఆ చోటు తనకిమ్మని అడిగింది. ఎందుకో కూడా తనే చెప్పింది. మీ నాన్నను పిలిపించనా అని ఆవిడ అంటే, "అక్కర్లేదండీ, నేను చెప్పానుగా" అందట. మరుసటి వారం నుంచి వెనక గదిలో కూర్చుంది. ఈ సంగతి అతనికి ఆయా చెప్పింది, చిన్నోణ్ని తీసుకురావడానికి వెళ్లినప్పుడు, "మీ పిల్ల గట్టిదండీ" అంటూ. సంతోషించాడు. తన అవసరం లేకుండా జరిగిపోయినందుకు కాస్త మనసు చివుక్కుమన్నా, అలా అనుకునే హక్కు తనకు లేదనుకున్నాడు.

ఇంట్లో మాత్రం చాలా నెలలు ఒక అలవాటు ఉండిపోయింది. అతను ఏం చెప్పినా, వాన వస్తోందని చెప్పినా, లాయరమ్మ వంటింట్లోకి తొంగి చూసి, "అవునా అమ్మా?" అనేది. వెక్కిరింపుగా కాదు, మామూలుగానే. అలా అన్న ప్రతిసారీ అతను తల దించుకునేవాడు. తెలియనిదాన్ని తెలియదనడం నేర్చుకున్నాడు. ఆఫీసులో కూడా కింది మెకానిక్కులు ఏదైనా అడిగితే, "ఇంకా వినలేదు, విన్నాక చెబుతా" అనేవాడు. కొత్త సూపర్‌వైజరు ఆచితూచి మాట్లాడతాడని అక్కడ పేరొచ్చింది.

ఒక ఆదివారం లాయరమ్మ చెప్పులు వేసుకుంటూ, "మలుపులో ఉన్న లైబ్రరీ ఇవాళ తెరుస్తారా నాన్నా?" అంది.

"తెలీదమ్మా."

అది ఒక్క క్షణం ఆలోచించింది. "సరే, వెళ్లి చూద్దాం రా."

ఇద్దరూ వెళ్లారు. మూసే ఉంది. బోర్డు మీద రాసిన వేళలు ఇద్దరూ చదివారు. తిరిగి వస్తూ అది కొత్త టీచరు గురించి, బెంచీ పక్క పిల్ల గురించి ఏవేవో చెబుతూనే ఉంది. అతను వింటూ నడిచాడు. ఆ పాత సంగతి అది మరిచిపోయిందో, పక్కన పెట్టిందో అతనికి తెలియదు. అడగాలని అనిపించింది గానీ, ఆ మాట ఎత్తే ధైర్యం రాలేదు.